కూలర్ ముందు మంచం

మా మామ మాలకొండయ్యకు ఎదుటి మనిషిని కాదనడం చేతకాదు. గొడ్డలి అడిగితే గొడ్డలి, ట్రాక్టరు అడిగితే ట్రాక్టరు, కందికట్టె అడిగితే కందికట్టె. అడగడానికి ఎవరైనా మొహమాటపడుతుంటే ఈయనే ఎదురుపోయి "ఏమన్నా గావాల్నా అబ్బాయ్" అని కనుక్కునేవాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా పుట్టింటివాళ్లు పెట్టిన స్టీలు బిందె వీధి చివర ఇంకెవరి ఇంట్లోనో కనపడితే ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. మా అత్త ఆదిలక్ష్మమ్మ మాత్రం నవ్వింది.

"ఇంకా నయం, నన్ను ఎవురూ అడగలా," అంది.

అలాంటి మనిషికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మా బోరునీళ్లే కారణమని ఊళ్లోవాళ్లన్నారు, షుగరని డాక్టర్లన్నారు. కారణం ఏదైనా వారానికి మూడుసార్లు మార్కాపురం పోయి డయాలసిస్ చేయించుకోవాల్సి వచ్చింది. నా భర్త రాజేష్ పలకల ఫ్యాక్టరీలో పని. సెలవు పెడితే మరునాడు ఆ మిషన్ మీద ఇంకొకరు ఉంటారు. అత్తకు మోకాళ్లు. అందుకని మామ వెంట పోయే పని నాకు పడింది. అంతకుముందు మా ఇద్దరి మధ్య "అన్నం పెట్టనా మామా", "పెట్టమ్మా" తప్ప పెద్దగా మాటలు లేవు. ఇప్పుడు మామ లేడు. నిరుడు చలికాలంలో నిద్రలోనే పోయాడు. ఆయన్ను తలుచుకుంటే నాకు ఇంట్లో కూర్చున్న మనిషి గుర్తు రాడు. మూడేళ్ల కిందటి ఆ ఎండాకాలంలో, మొదటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనపడిన ప్రతి చేనూ ఎవరిదో, వాళ్ల తాత ఎట్లాంటివాడో చెప్పే మనిషే గుర్తొస్తాడు. ఆ బస్సులోనే మేం మామా కోడళ్లమయ్యాం.

డయాలసిస్ పేషెంటు నీళ్లు కొలిచి తాగాలి. తాగింది బయటికి పోయే దారి లేదు కాబట్టి ఒంట్లోనే నిలిచిపోతుంది, బరువు పెరుగుతుంది. ఎన్ని కేజీలు పెరిగితే అన్ని లీటర్లు మిషన్ లాగెయ్యాలి. ఈ లెక్క మామకు తెలుసు. కానీ మా ఊళ్లో ఎండన పడి వచ్చిన మనిషికి చెంబుడు మజ్జిగ ఇవ్వకుండా ఎవరు పంపుతారు? ఇచ్చిన చెంబును మామ ఎట్లా వెనక్కిస్తాడు?

"ఒక్క గుటకే గదమ్మాయ్. ఆయమ్మ చెయ్యి చాపి ఇస్తే ముఖాన ఎట్ల అనేది, వద్దని?"

"నోటితో అనాల మామా."

"నోటితోనే. అదే రావడంల్యా."

ఆస్పత్రిలో బరువు చూసే మిషన్ ఎక్కగానే సిస్టరు కృపారాణి నావైపు చూసేది, నేను పైకప్పు వైపు చూసేదాన్ని.

"పెద్దనాయనా, మళ్లా మూడు కేజీలు."

"నా ఒళ్లు గాదు తల్లీ, ఊరోళ్ల ప్రేమ అది," అనేవాడు.

కంభం రోడ్డులోంచి లోపలికి ఒక సందులో ఉండేది ఆ ఆస్పత్రి. చిన్నది. పై అంతస్తులో డయాలసిస్ గది, అయిదు మంచాలు, అయిదు మిషన్లు. కిటికీ మూలన ఒక కూలర్. దాని గాలి ఎదురుగా ఉన్న ఒక్క మంచానికే తగిలేది. మిగతా నాలుగు మంచాలవాళ్లు దాని చప్పుడు విని సంతోషపడాల్సిందే. మేం మొదటి బస్సుకు వచ్చేవాళ్లం కాబట్టి ఆ మంచం మామకు దక్కింది. మంచాలు ఎవరివి వాళ్లకు అలవాటైపోయాయి. తలుపు పక్క మంచం అందరికంటే అన్యాయం. తలుపు తెరిచినప్పుడల్లా వరండాలోని వడగాలి వచ్చి ముఖం మీద కొట్టేది. అది అంకన్నది.

కృపారాణిది కంభం. రైల్లో వచ్చి పోయేది. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో, సూది పొడిస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని అందరూ అనేవాళ్లు. మేం కొత్తగా పోయినప్పుడు సూది పెట్టేముందు ప్రతిసారీ అడిగేది.

"పేరు చెప్పు పెద్దనాయనా."

మొదటిసారి మామ ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ కలిపి ఘనంగా చెప్పాడు. రెండోసారి వింతగా చూసి చెప్పాడు. మరి రెండుసార్లయ్యాక ముఖం మాడ్చుకున్నాడు.

"ఏందమ్మా ఇది? మొన్న వచ్చినా, అంతకుముందు వచ్చినా. ఈ చేతిలో సూది పొడిచింది నువ్వేగదా. ఇంకా నా పేరు తెలీదా నీకు? నేనేమన్నా దారిన పోయేవాణ్ణా?"

"తెలుసు పెద్దనాయనా. అడగాలని రూలు."

"రూలు బయటోళ్లకు. పెద్దనాయనా అని పిలుస్తా పేరడుగుతావేంది? యాడన్నా కూతురు తండ్రి పేరడుగుతదా?"

గదంతా నవ్వింది. తలుపు పక్క మంచం నుంచి అంకన్న అందుకున్నాడు. "బాగా అడిగినావు బావా. నన్ను గూడా రోజూ అడుగుతాది. నా గొర్రెలు గూడా నన్ను అట్ల అడగవు."

కృపారాణి ముఖం ఎర్రబడింది. రూలు గురించి ఇంకేదో చెప్పబోయి మామ ముఖం చూసి ఆగిపోయింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. మా వైపు పేరు అడిగారంటే నువ్వెవరో తెలియదని చెప్పినట్టే. ఆ పూట నుంచి ఆమె ఎవరినీ పేరు అడగలేదు. మగవాళ్లంతా పెద్దనాయనలు, ఆడవాళ్లంతా పెద్దమ్మలు. గది ఒక ఇల్లులాగా అయిపోయింది.

అంకన్నది గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక పల్లె. ఊళ్లో గడ్డి ఎండిపోగానే ఆయన కొడుకులు మందను తోలుకుని కోస్తా వైపు పోయారు. వెంట వచ్చేది భార్య అలివేలమ్మ. సన్నగా, నల్లగా, ఎండుకట్టెలాగా ఉండేవాడు అంకన్న. నీళ్ల విషయంలో డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. జీవితమంతా దాహంతోనే గొర్రెల వెనక తిరిగినవాడికి అదేం లెక్క కాదు. ఆయనకు మిషన్ లాగాల్సింది అరలీటరుకు మించి ఉండేది కాదు.

"బావా, నువ్వు తాగే మజ్జిగుంటే నా మంద ఈ ఎండాకాలం గడ్డన పడతాది," అనేవాడు.

"తోలుకొని రా బావా మందను. మా ఇంటి ముందర కట్టేద్దాం."

"నువ్వు అన్నంత పనీ చేస్తావు. నీ కోడలు నన్ను తరుముతాది."

నిజంగానే తరిమేదాన్ని. కానీ వాళ్లిద్దరి మాటలు వినడానికి నాకు సరదాగా ఉండేది. మిషన్లు పెట్టేటప్పుడు మమ్మల్ని లోపల ఉండనిచ్చేవాళ్లు కాదు. నేనూ అలివేలమ్మా వరండాలో బెంచీ మీద, అద్దం ఉన్న తలుపుకు ఎదురుగా కూర్చునేవాళ్లం. ఆమె కాళ్లు చాపుకుని, మందలో ఏ గొర్రె ఏ ఏడు ఈనిందో చెప్పేది. నేను మా అత్త మీద చాడీలు చెప్పేదాన్ని. ఎండ, ఆకలి, మందుల వాసన ఎన్ని ఉన్నా ఆ బెంచీ మీద నాకు పుట్టింట్లో కూర్చున్నట్టుండేది.

రోహిణి కార్తె ఎండలు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటరు మిషన్లకు మాత్రమే. కూలరు లేదు, ఫ్యాన్లు లేవు. అంకన్న బస్సు చెడిపోయి ఎంతో దూరం ఎండలో నడిచి వచ్చాడు. మెట్లు ఎక్కలేక రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కృపారాణి అందరి బరువులు చూసి, మంచం మంచానికీ తిరిగి, ఎవరికి ఎన్ని లీటర్లు లాగాలో ఆ లెక్క మిషన్లలో పెట్టింది. కూలర్ ముందు మంచం దగ్గర మామకు మూడు లీటర్లు, తలుపు దగ్గర అంకన్నకు అరలీటరు. సూదులు పెట్టబోతుండగా చివరి మంచం మీదున్న సుశీలమ్మ అనే ఆమె కాళ్లు కొంకర్లు పోయి కేకలు పెట్టింది. కృపారాణి అటు పరుగెత్తింది.

అప్పుడే కరెంటు వచ్చింది. కూలరు గుర్రుమంది.

అద్దంలోంచి మాకు కనపడుతూనే ఉంది. మామ తన మంచం మీద నుంచి లేచాడు. అంకన్న దగ్గరికి పోయి ఏదో అన్నాడు. అంకన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మామ వింటాడా? భుజం కింద చెయ్యి వేసి లేపి, నడిపించుకుపోయి, కూలర్ ముందు పడుకోబెట్టాడు. తన తువ్వాలు తడిపి పిండి ఆయన నుదుటి మీదా కళ్ల మీదా కప్పాడు. తను వచ్చి తలుపు పక్క మంచం మీద, వడగాలికి ఎదురుగా పడుకున్నాడు. మా మామ చేసే దానాల మీద నాకు ఎప్పుడూ కోపమే. ఆ ఒక్కసారి మాత్రం రాలేదు. ముచ్చటేసింది.

"చూడు పెద్దమ్మా, మా మామ," అన్నాను.

అలివేలమ్మ అద్దం వైపు చేతులు జోడించింది. "సొంత తోడబుట్టినోడు గూడా చెయ్యడమ్మా ఇట్ల," అంది.

కృపారాణి తిరిగొచ్చింది. చెమటకు జుట్టు ముఖానికి అంటుకుపోయి ఉంది. కూలర్ ముందు మంచం దగ్గర ఆగి, "మొదలుపెడతన్నా పెద్దనాయనా" అంది. తడి తువ్వాలు కింద నుంచి "కానీ తల్లీ" అని వినపడింది. సూదులు పెట్టి, ట్యూబులు కలిపి, మిషన్ నడిపించి మళ్లీ సుశీలమ్మ దగ్గరికి పోయింది. మామకు సూదులు పెట్టింది ఆ వారమే చేరిన టెక్నీషియన్ నాగేంద్ర. అతనికి మా ముఖాలేవీ తెలియవు. "తాతా, చెయ్యి" అన్నాడు, మామ చెయ్యి ఇచ్చాడు. మంచం మారితే గాలి ఒక్కటే మారుతుందని మామ అనుకున్నాడు. మిషన్‌లో పెట్టిన లెక్క మంచాన్ని పట్టుకుని అక్కడే ఉంటుందని ఆయనకెట్లా తెలుస్తుంది?

మధ్యాహ్నం అవుతుండగా లోపలి నుంచి మామ కేక వినపడింది.

"బావా! ఓ బావా! సిస్టరమ్మా, ఈడికి రా, అంకన్న పలకడంల్యా!"

నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను. కృపారాణి తువ్వాలు తీసింది. అంకన్న ముఖం బూడిద రంగులో ఉంది, కళ్లు పైకి తిరిగి ఉన్నాయి. ఆమె ఆ ముఖం చూసింది. తల తిప్పి, తలుపు పక్కన మంచం మీదున్న మా మామ ముఖం చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ నిద్రలో కనపడుతుంది. తర్వాత ఆమె చేతులు ఎంత వేగంగా కదిలాయో! మిషన్ ఆపింది, మంచం కాళ్లవైపు ఎత్తింది, సెలైన్ వదిలింది, డాక్టరు కోసం అరిచింది. అంకన్న ఒళ్లంతా కొట్టుకుంది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది.

ఆస్పత్రి ఓనరు డాక్టరు కరుణాకరం. వచ్చి చూసి ఒంగోలుకు పంపాలన్నాడు. అంబులెన్సు ఎక్కిస్తుంటే అలివేలమ్మతో, "బీపీ పడిపోయింది. డయాలసిస్‌లో ఒక్కోసారి ఇట్లా అవుతుంది," అన్నాడు.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. కృపారాణి మెట్ల మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి అలివేలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల అయింది పెద్దమ్మా. ఇంకొకరికి తియ్యాల్సినంత నీళ్లు పెద్దనాయనకు తీసేసినా. ముఖం చూడలా, పేరు అడగలా."

డాక్టరు "కృపా" అని గద్దించాడు. అలివేలమ్మకు ఈ మాటలు ఎక్కినట్టు లేదు.

"బతుకుతాడా? అది జెప్పు ముందు," అంది.

అంబులెన్సు తలుపు మూసుకుంది, బండి పోయింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో చేలు వాటంతటవి వెనక్కి పోయాయి, ఒక్కదాని పేరూ ఆయన చెప్పలేదు. రాజేష్ వచ్చాక అప్పుడు అన్నాడు.

"మంచం మార్చింది నేనురా. ఆ పిల్ల పేరడుగుతుంటే నోరు మూయించింది గూడా నేనే. రేపు పోయి డాక్టరుతో చెప్తా."

"చెప్తే ఏమైతది నాయనా?" అన్నాడు రాజేష్. "పోలీసులు, కేసులు అంటే ఆయన మనల్ని రావద్దంటాడు. ఇంకో మిషన్ యాడుంది మనకు? ఒంగోలు పోయి రావడం నీ ఒంటికి అయితదా? నువ్వు మాట్లాడగాకు. అంకన్న మామకు బాగైతది."

రాజేష్‌ను తప్పు పట్టలేను. వాళ్ల నాన్న ప్రాణం ఆ మిషన్ మీదే ఉంది. అత్త కూడా అదే మాట అంది. మామ పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు.

తర్వాతి సారి మేం పోయేటప్పటికి కృపారాణి లేదు. ఆమె చోట ఇంకో సిస్టరు ఉంది. అంకన్న సంగతి అడిగితే ఐసీయూలో ఉన్నాడని, ఇంకా కళ్లు తెరవలేదని చెప్పింది. కృపారాణి సంగతి అడిగితే, "తీసేశారు" అంది. మామ పోయి కూలర్ ముందు పడుకున్నాడు. ఆ అమ్మాయి సూదులు తెచ్చి, "తాతా, చెయ్యి చాపు" అంది.

మామ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నా పేరేంది?"

ఆమె తెల్లబోయి చూసింది.

"నేనెవురో తెలుసునా నీకు?"

"కూలరు దగ్గరి తాత గదా," అంది ఆ అమ్మాయి.

మామ మంచం దిగాడు. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి డాక్టరు గదిలోకి పోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను. గదిలో వేరే పేషెంట్లు ఉన్నారు. మామ వాళ్లందరి ముందే మొదలుపెట్టాడు.

"సారూ, మంచం మార్చింది నేను. పేరడగొద్దని ఆ పిల్లను కసిరింది నేను. ఆ పిల్లను పంపించేసినావు. పైన ఇంకో పిల్ల ఉంది. దానికి నేను కూలరు దగ్గరి తాతను. రేపు నేను ఇంకొకరిని కూలరు దగ్గర పండబెడితే వాడే నేనయిపోతాడు. మనిషిని తీసేస్తే తప్పు పోలా సారూ. తప్పు పైన మంచం మీదే ఉంది."

డాక్టరు పేషెంట్లను బయటికి పంపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆమెను తీయకపోతే అంకన్న కొడుకులు వచ్చి ఏం చేస్తారో నీకు తెలుసునా పెద్దాయనా?"

"రానీ. నేను గూడా ఈడే ఉంటా. నన్నడగమను."

"రేపు నువ్వే నా మీద సాక్ష్యం చెప్తావు."

"చెప్తా. నన్ను రావద్దంటే మానేస్తా. ఇంకోచోటికి పోలేను, ఆ సంగతి నీకూ తెలుసు. అయినా చెప్తా." మామ టేబులు దగ్గరికి ఒక అడుగు వేశాడు. "ఆ పిల్ల దాచిపెట్టుంటే మనకు ఎవురికీ తెలిసేది గాదు సారూ. బీపీ అనే అనుకునేవాళ్లం. తప్పు చెప్పుకున్న మనిషిని పంపిస్తే, ఇంక మిగిలేది చెప్పనోళ్లే."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. భయమేసింది. అయినా ఆ మనిషి మా మామ అని బయటికి పోయిన వాళ్లందరికీ చెప్పాలనిపించింది. డాక్టరు టేబులు మీదున్న పెన్ను అటూ ఇటూ తిప్పాడు.

"పైకి పోయి మిషన్ పెట్టించుకో. లేటయితే నీకే కష్టం," అన్నాడు.

కానీ మరుసటి వారం మేం మెట్లెక్కేటప్పటికి బరువు మిషన్ దగ్గర కృపారాణి ఉంది. కళ్ల కింద నల్లగా ఉంది. మామను చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు. ప్రతి మంచం తలవైపునా చెక్క చట్రం ఉన్న బడిపలక ఒకటి వేలాడుతోంది. దాని మీద సుద్దతో మనిషి పేరు, ఆ రోజు తీయాల్సిన లీటర్లు. డాక్టరే తెప్పించాడట. పలకల ఊళ్లో పలకలకేం కొదవ? ఇక మీదట మనిషి నోటితో పేరు చెప్పాలి, సిస్టరు పలక చూడాలి, ఇంకొకరు వచ్చి పలకా మిషనూ కలిపి చూడాలి. మంచం మారాలంటే పలక తుడిచి మళ్లీ రాయాలి, మిషన్‌లో లెక్క మళ్లీ పెట్టాలి. అంతదాకా సూది ముట్టుకోరాదు.

కృపారాణి మామ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. అడగడానికి ఆమెకే నోరు రాలేదు.

"అడుగమ్మా," అన్నాడు మామ.

"పేరు చెప్పు పెద్దనాయనా."

మామ ఇంటిపేరుతో సహా చెప్పాడు. సుశీలమ్మ చెప్పింది. మిగతా ఇద్దరూ చెప్పారు. తలుపు పక్క మంచం ఖాళీగా ఉంది, దాని పలక మీద ఏమీ రాయలేదు.

అంకన్న పెద్దకొడుకు మందను తమ్ముడికి వదిలి వచ్చాడు. చేతికర్రతోనే మెట్లెక్కాడు. ఎవరు చేశారని అరిచాడు. కృపారాణి "నేను" అంది. మామ "నేను" అన్నాడు. కింద నుంచి వచ్చిన డాక్టరు కూడా కాసేపు తటపటాయించి, "నా ఆస్పత్రి గదా, నేను గూడా" అన్నాడు. ఎవరిని కొట్టాలో తేలక ఆ పిల్లవాడు మా బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే వాళ్ల నాయన కళ్లు తెరిచాడని, మనుషుల్ని ఆనవాలు పడుతున్నాడని చెప్పాడు. ఆ మాట విని కృపారాణి బాత్రూంలోకి పోయి తలుపేసుకుంది.

ఆ రోజుల్లో మామ ఊళ్లో ఎవరింటికీ పోలేదు. పోతే మజ్జిగ ఇస్తారు, ఇస్తే కాదనలేడు. అందుకని మా ఇంటి వెనక వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని, వీధివైపు వీపు పెట్టి పడుకునేవాడు. "మాలకొండయ్యకు గర్వం వచ్చిందే" అని ఊళ్లో అన్నారు. నేను ఆ మాట మోసుకొచ్చి చెబితే, "రానీలేమ్మా, రెండు కేజీలు తగ్గింది గదా" అన్నాడు. మధ్యాహ్నాలు నేను ఆయన పక్కన కూర్చుని వక్కలు కత్తిరించేదాన్ని. ఆయన అంకన్న గురించే మాట్లాడేవాడు. ఆ మనిషి తేలికగా, పిట్టంత బరువున్నాడనీ, తను లేపినప్పుడు చేతికే తెలిసిందనీ అనేవాడు. "అంత తేలికైన మనిషిలో నుంచి మూడు లీటర్లా అమ్మాయ్," అని నావైపు చూసేవాడు. నేను తల వంచుకుని వక్కలు కత్తిరించేదాన్ని.

ఏరువాకకు ముందర, ఇంకా ఎండలు తగ్గకముందే, అంకన్న తిరిగొచ్చాడు.

ఒక పక్క అలివేలమ్మ, ఒక పక్క కొడుకు పట్టుకుని మెట్లెక్కించారు. ఇంకా చిక్కిపోయాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. అలివేలమ్మ నన్ను చూసి తల ఊపింది. కృపారాణి బరువు చూసింది, పలక మీద అంకన్న పేరు రాసింది. అందరి మిషన్లలో లెక్కలు పెట్టి, పలకలతో కలిపి చూడడానికి నాగేంద్రను పిలిచింది. ఆ రోజు ఎందుకో నన్ను బయటికి పొమ్మనలేదు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా వడగాలి వచ్చి అంకన్న ముఖం మీద పడుతోంది. ఆయన కళ్లు మూసుకుని ఒగరుస్తున్నాడు. చెమట చెవుల్లోకి కారుతోంది. నేను మామను చూస్తున్నాను. ఆయన చెయ్యి మంచం అంచు పట్టుకుంది. మోచెయ్యి ఆనించి సగం లేచాడు. కృపారాణి సూది చేత్తో పట్టుకుని ఉన్నచోటే ఉండిపోయింది.

అంకన్న కళ్లు తెరిచాడు.

"ఏం బావా," అన్నాడు, గొంతు పీలగా ఉంది. "ఆ మంచం ఇయ్యవా ఈ పొద్దు?"

పలక తుడిచి లెక్క మార్చి ఇవ్వొచ్చు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, మామకూ తెలుసు. కానీ ఆయన ముఖం చూస్తే, ఆ మంచం మీద ఆ మనిషి పడుకుని ఉండడం ఇంకొక్కసారి చూడలేడని నాకు అర్థమైంది.

"ఇయ్యను బావా," అన్నాడు.

"ఈడ వడగాలి కొడతాంది."

"కొట్టనీ. ఇయ్యను. నువ్వు ఎన్నిసార్లడిగినా ఇయ్యను."

అన్నేళ్లలో మా మామ నోట నేను ఆ మాట వినడం అదే మొదలు. అంకన్న ఆయన్ను చూసి, ఉన్న కొంచెం ఓపికతో నవ్వాడు.

"వచ్చిందే బావా, నీకు గూడా ఆ మాట!" అన్నాడు.

గదంతా నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ అలివేలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ మాత్రం నవ్వలేదు. గోడవైపు తిరిగి, చిన్నపిల్లవాడిలాగా భుజాలు కదిలిపోతూ ఏడ్చాడు. కృపారాణి ఆయన ఏడుపు ఆగేదాకా మంచం పక్కనే నిలబడి, తర్వాత పేరు అడిగింది.